రెండో గేరు

సుభానీ నా బండి మీద ఎనక్కి తిరిగి కూసున్నడు.
ఆయన వీపూ నా వీపూ ఒక్కటే చెమట.
ఆయన ముంగట ఆమె ఉరుకుతున్నది,
నా ముంగట రోడ్డు.
నాకు ఆమె అద్దంల రూపాయి బిళ్లంత.

సాగర్ కాడ మాపటీలి జెండ ఊపిండ్రు.
నూరు కిలోమీటర్లు, ఇరవై రెండు మంది,
బండికో కెమెరా, పెట్రోలు కలుపుకొని పదిహేను వందలు.
ఎనిమిది స్పీడుల రెండో గేరు పట్టుకొని
రాత్రంత నడిపి సూడుండ్రి ఎవలన్న.
సగం తొవ్వకే క్లచ్చు చెయ్యి రోకలిబండైంది.

మాకు పడ్డది నంబరు పదిహేడు:
నేనావత్ సక్రి. చందంపేట అవుతల తండా.
ఇల్లిల్లు తిరిగి కరెంటు బిల్లు కొట్టే పిల్ల.
ఆమె ఉరుకుడు ఎట్లుంటదంటే
ఒక్క బల్బే ఎలిగే ఇంట్ల పాత మీటరు చక్రం,
తిరుగుతున్నదా ఆగిందా
దగ్గరికి పోయి సూస్తెగాని తెల్వదు.

వాకీటాకీల డైరెక్టరు: "ఏమవుతోంది అక్కడ?"
"ఉరుకుతుంది సార్."
అర్ధగంటకు మల్ల: "ఇప్పుడు?"
"ఉరుకుతుంది సార్."
"కథ లేదయ్యా ఇందులో!
వాళ్లమ్మ పోయిందట కదా, అదడుగు."
సుభానీ అడిగిండు.
ఆమె ఈగను కొట్టినట్టు చెయ్యి ఊపింది.
పెదవులైతే కదుల్తున్నయి. మొక్కుతున్నదనుకున్నం.
మైకు దగ్గర పెడితే సర్వీసు నంబర్లు.
ఒక్కో కరెంటు స్తంభానికి ఒక్కో ఇల్లు సదువుతున్నది,
పాత బాకీలతోటి సహా.

అంగడిపేట దాటినం. మల్లేపల్లిల కుక్కలు
కొంచెం దూరం ఎంబడి పడి
ఇసుగొచ్చి మల్లినయి.
వాటికి గూడ కథ దొరకలె.

చింతపల్లి కాడ కక్కింది.
డైరెక్టరు కారు దిగి ఉరికొచ్చిండు,
ఆ రాత్రి ఆయన ఉరికింది గదొక్కటే.
"లైటు! లైటెయ్యి!"
ఆమె మూతి తుడుసుకొని
లైటు పక్కకెళ్లి పోయింది,
బర్రె అడ్డమొస్తె పోయినట్టు.

మర్రిగూడ మలుపు కాడ నీళ్ల బల్ల.
మూడైంది. ఆమె అరటిపండు ఒలుస్తున్నది.
మూసిన టీ కొట్టు అరుగు మీద ఒక్క ముసలాయన,
బొమ్మగోని అంతయ్యనట.
పక్కకు రెండు కట్టెలు, కాళ్లు కొడవలి లెక్క వంకర.
చిన్నప్పటి సంది తాగింది ఆ బోరు నీళ్లే.
"ఇంకెంతమంది రావాలె బిడ్డా?"
"పదకొండు మంది. ఆఖరాయన పొద్దెక్కినంకనే. పోయి పండుకో తాతా."
"ఉంట."

మొకాలు సూస్తలేడు,
మోకాళ్లు సూస్తుండు.

"ఎవలు పడ్తరో సూద్దామనా?" సుభానీ నవ్విండు.
"పడుడు నాకెర్కే.
మడిసి సాపుడు ఎట్లుంటదో మరిసిన.
యాది చేసుకుంటున్న."

"ఎందుకాగారు? ఏమైంది?" వాకీటాకీ అరిసింది.
"ఏం లేద్సార్" అన్నడు సుభానీ,
కెమెరా ఒళ్లె పెట్టుకొని.

తెల్లారంగ బ్యాటరీ సచ్చింది.
గప్పుడు నిలబడ్డది సక్రి. బూటు ఇప్పి దులిపితె
కందిగింజంత రాయి.
ఇంతసేపు నువ్వేనా అన్నట్టు
దాన్ని సూసి నవ్వింది.
అద్దంల నేనొక్కన్నే సూసిన.

నెలకు టీవీల వచ్చింది.
ఆ రాత్రి మొత్తం పదకొండు నిమిషాలు.
కక్కుడు మూడుసార్లు,
మూడోది మెల్లగ, పిల్లనగ్రోవి ఎనక పెట్టి.
అబద్ధమెందుకు, మా ఇంట్ల ఏడ్సిండ్రు.
నాకు గూడ కండ్లల్ల నీళ్లు తిరిగినయి,
తెలిసి తెలిసి.
"నువ్వేడున్నవ్ నాన్నా?" అన్నడు చిన్నోడు.
"కెమెరా ఎనక."
"ఆమె గెలిసిందా?"
గెలువలె. పద్నాలుగోది.

అరుగు మీద పొద్దెక్కేదాక కూసునే మనిషి
ఇంటికొక్కడున్నా ఆ షో నడుస్తుండెనేమో.
ఇంటికొక్కడు యాడుంటడు?
నేనైతే నౌకరికి కూసున్న.

పైసలల్ల మూడొందలు కోసిండ్రు, పెట్రోలు ఎక్కువైందని.
క్లచ్చు వైరు నేనే మార్సుకున్న.

ఇప్పుడు గూడ అటు దిక్కు కిరాయి పడితే
మర్రిగూడ మలుపుల రెండో గేరు ఏస్త.
తాత ఉంటడు ఒక్కోసారి.
నన్ను సూడడు.
నా ఎనక రోడ్డు దిక్కు సూస్తడు,
ఎవలన్న వస్తున్నరా అని.